నా తరవాత మా ఆయన సాయంత్రాలు

దక్షిణ కొరియా, మొక్పో పట్టణం, రేవు వెనక మెట్ల వీధిలో ఉంటున్న తాక్ బోక్-రే అనే నేను, కు చాంగ్-దో భార్యను, ఏ చదువూ జీతమూ లేకుండా వాక్యం చెప్పేదాన్ని, సొంత దస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. నా కాలేయం చెడింది గాని బుద్ధి చెడలేదు. ఎవరూ నా చెయ్యి పట్టి రాయించడం లేదు. అంత ధైర్యం ఈ వీధిలో ఎవరికీ లేదు. దీన్ని మా అమ్మాయి ఉన్-సిల్ అమలుపరచవలెను. నచ్చని షరతు రాగానే "అమ్మ మందుల మత్తులో రాసింది" అనడానికి వీల్లేదు.

1. ఇంట్లో నా వాటా మా ఆయనకు, ఆయన తదనంతరం ఉన్-సిల్‌కు. డాబా మీద సోయా ఊరబెట్టిన జాడీలు మాత్రం ఇప్పుడే ఉన్-సిల్‌కు చెందుతాయి. ఎండ రాగానే మూతలు తియ్యాలి, వాన రాకముందే పెట్టాలి. రెండోది నీకు గుర్తుండదు తల్లీ.

2. చేపల బజారులో వాక్యం చెప్పే నా చేతి మైకు మా సంఘం సోదరి మో గప్-సున్‌కు. నేను మంచం పట్టిన దగ్గర్నుంచీ నీ కన్ను దాని మీదే. తీసుకో. నిజానికి నీకు మైకెందుకు? మా ఆయన కోటుకి పీచ్ పండు వాసన వస్తోందని సంఘమంతా చాటినప్పుడు ఉత్త నోటితోనే చాటావు.

3. ఆ వాసన సంగతి ఇక్కడ రాయక తప్పదు. మా ఆయన పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. పెళ్లినాటికే సిగరెట్టు ఆయన పెదవికి పుట్టుమచ్చలా ఉండేది. నేను తెల్లవారుజాము ప్రార్థనల్లో మోకాళ్లు అరగదీశాను. ఉపవాసాలున్నాను. దేహం దేవుని ఆలయమని కాగితం మీద రాసి ఆయన అన్నం గిన్నె మూతకి అంటించాను. ఆయన మూత తీసి పక్కన పెట్టి, శుభ్రంగా తిని, బయటికెళ్లి వెలిగించేవాడు. అలాంటి మనిషి కోటుకి ఒక శీతాకాలం పొగ కంపు తగ్గి పళ్ల వాసన పట్టుకుంది. నేనేమనుకుంటాను? ఆడదాని అత్తరు అనుకున్నాను. ప్రార్థన సోదరీమణులను వెంటేసుకుని ఆయన వెనకే వెళ్లి, ఓడల టికెట్టు గది పక్కన ఒక కొట్టులోకి దూరాను. అక్కడ భర్త పోయిన బ్యోన్ మి-రాన్ అనే ఆమె ఎలక్ట్రానిక్ సిగరెట్లు అమ్ముతోంది. మా ఆయన స్టూలు మీద కూర్చుని పీచ్ వాసన ఆవిరి వదులుతున్నాడు. "రండి అక్కయ్యగారూ, రోజూ మీ మాటే చెబుతారు. బార్లీ టీ పొయ్యనా?" అందామె. యుద్ధానికి వెళ్లినదాన్ని, టీ తాగి వచ్చాను.

4. మొదట్లో ఆయన జేబులో సిగరెట్టు పెట్టే, ఆ ఆవిరి పరికరమూ రెండూ ఉండేవి. ఇద్దరు యజమానులకి దాసుడివా అని తిట్టాను. ఆ కొట్టుకొచ్చే చాలామంది అక్కడే ఆగిపోయారు, రెండూ పీలుస్తూనే ఉన్నారు. అది నా కళ్లతో చూశాను. మా ఆయన ఆగలేదు. ముందు సిగరెట్టు పెట్టె పోయింది. తరవాత మి-రాన్ ఆ ద్రవంలో నికోటిన్ తగ్గిస్తూ తగ్గిస్తూ ఉత్త వాసన నీళ్ల దాకా తెచ్చింది. "తొందరేం లేదండీ, ఈ నెలకిది చాలు" అనేదట. ఆ మాట నాకు చెబుతూ ఆయన తనలో తాను నవ్వుకున్నాడు. ఇప్పుడా పరికరం కూడా సొరుగులో పడుంది. కొట్టుకి వెళ్లడం మాత్రం మానలేదు. సాయంత్రమైతే చెయ్యి జేబు వెతుకుతుందట, అక్కడ కూర్చుంటే మరిచిపోతుందట. ఇంట్లో నా పక్కన కూర్చుంటే మరిచిపోదు కాబోలు!

5. ఇక సాక్ష్యం. పూర్తిగా మానాక ఒక ఆదివారం ఆయన సంఘంలో లేచి నిలబడ్డాడు. నేను ముందు వరుసలో పట్టుబట్టలు కట్టుకుని కూర్చున్నాను. "దేవునికి స్తోత్రం. ఉన్-సిల్ అమ్మ చాలా ప్రార్థించింది. అయినా నిజం చెప్పాలిగా, నాచేత మాన్పించింది ఆ కొట్టు యజమానమ్మగారు" అన్నాడు. యజమానమ్మగారు! నన్ను ఏనాడైనా 'గారు' అన్నాడా? దేవుడు రోషం గలవాడని లేఖనం చెబుతోంది. ఆయన కూతుర్ని, నాకుండదా? కన్నీళ్లతో విత్తింది నేను, పనలు కట్టుకుపోయింది ఆమె. గాడిద నోట మాట పలికించిన దేవుడు ఆమెచేత పని చేయించకూడదా అని పాస్టరుగారు సర్దిచెప్పారు. చేయించొచ్చు. కానీ ఆ గాడిదకి సంఘం చప్పట్లు కొట్టలేదు.

కనుక నా ఉంగరం గాని, పట్టుబట్టలు గాని, కనీసం గిన్నె మూత గాని సదరు మి-రాన్‌కు చెందరాదు.

6. ఇప్పుడు అసలు షరతు. నేను పోయాక మూడు రోజులు అంత్యక్రియల హాలులో ఉంచుతారు. పడవలవాళ్లొస్తారు. సోజు తాగుతారు, పేకాడతారు, గుమ్మం బయట గుంపుగా నిలబడి వెలిగిస్తారు. ఎవడో ఒకడు పెట్టె చాపుతాడు: "అన్నా, ఇవాళ ఎవరూ ఏమీ అనరు, ఒక్కటి తీసుకో." ఉన్-సిల్ పుట్టినప్పుడు మానిన మనిషి తన తండ్రి చావులో సరిగ్గా ఇలాగే మళ్లీ మొదలెట్టాడు. నాకు చావంటే భయం లేదు, ఆ ఒక్క సిగరెట్టంటే ఉంది. ఉన్-సిల్ వచ్చినవాళ్లకి వంగి దండాలు పెడుతూ ఉంటుంది. అయినా కూతురు చెబితే వింటాడా, నేను చెబితే విన్నాడా? ఎవరు చెబితే వింటాడో నాకు తెలుసు. చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

ఆ మూడు రోజులూ బ్యోన్ మి-రాన్‌ను వచ్చినవాళ్లలో కాక మా కుటుంబం వరుసలో, నల్లబట్టలతో, మా ఆయన పక్కన కూర్చోబెట్టవలెను. ఆయన బయటికెళితే ఆమె వెంట వెళ్లవలెను. సొరుగులోని పరికరం ఆమె చేతికివ్వవలెను. మరీ తట్టుకోలేకపోతే సిగరెట్టు బదులు అదే ఇచ్చి, మళ్లీ మొదటినుంచీ తగ్గించుకు రావలెను. దీని మీద గప్-సున్ ఒక్క మాట అన్నా, మైకు వెనక్కి లాక్కునే అధికారం ఉన్-సిల్‌కు ఇస్తున్నాను.

7. ఆ తరవాత మా ఆయన సాయంత్రాలు, కొట్టు తెరిచి ఉన్నంతసేపు, మి-రాన్‌వి. తలుపు బార్లా తీసి ఉంచాలి. తెల్లవారుజాములు నావే, ఆయన ప్రార్థనకెళ్లి నా చోట్లో కూర్చోవాలి. ఆమె ఆయన్ని 'చాంగ్-దో గారూ' అనవచ్చు. అంతకన్నా దగ్గరి పిలుపు చెల్లదు.

8. హాలులో పూల మధ్య పెట్టే నా ఫొటో ముందే తీయించాను, అల్మారాలో ఉంది. ఫొటోలవాడు నవ్వమన్నాడు, నేను నవ్వలేదు. దాన్ని వాళ్లిద్దరికీ సరిగ్గా ఎదురుగా పెట్టవలెను.

2023 నవంబరు 9, మొక్పో

తాక్ బోక్-రే (చేవ్రాలు, ముద్ర)

సాక్షులు:
పాస్టరు నామ్‌గుంగ్ హ్యోక్
పక్కింటి యొమ్ దల్-సు (రేవు కూలీ, ఆ మూడు రోజులూ తన సిగరెట్టు పెట్టె ఇంట్లో వదిలి వస్తానని నా ఎదుట ఒప్పుకున్నాడు)