దినమూ ఆరు నలభైకి ఇచ్చే ఒక్క రింగు గురించి

రాయచోటి,
18–12–2008.

మొబైల్ కనెక్షన్ల ఫిర్యాదుల విచారణాధికారి గారి సముఖమునకు, కడప.

రాయచోటి బజారు వీధిలో చిల్లర అంగడి పెట్టుకొని బతుకు నాగసుబ్బయ్య రాసుకొను అర్జీ.

విషయం: 417తో ముగియు నంబరుకు దినమూ సాయంకాలం ఒక్క రింగు ఇచ్చి పెట్టివేయుట మీద తమరు పంపిన నోటీసుకు సంజాయిషీ, మరియు సదరు నంబరును నాకు తిరిగి ఇప్పించవలెనని కోరుట గురించి.

అయ్యా,

తమరి నోటీసు ఈ నెల 15వ తేదీన అందినది. మంగంపేట ముగ్గురాయి గనిలో పనిచేయు మారెన్న అనువారికి నేను ఆరు నెలలుగా ప్రతిదినము సాయంకాలం ఆరు నలభైకి ఫోన్ చేసి, ఆయన ఎత్తకముందే పెట్టేస్తున్నాననియు, దీనివలన ఆయన ఇంట్లో జగడాలు జరుగుతున్నవనియు అందులో రాసి ఉన్నది. అది నిజమే. ఎదురు చెప్పను. ఎందుకు చేసినదీ మూడు దినములలో తెలుపుకోవలెననియు, లేనిచో నా ఫోన్ కూడా నిలుపుదల చేయుదుమనియు రాసినారు గనుక ఈ దిగువ వరుసగా తెలుపుకొంటున్నాను.

1. సదరు నంబరు మారెన్నకు రాకముందు నా భార్య సుందరలక్ష్మిది. పోయిన ఏడాది కార్తీకమాసంలో ఆమె కాశీ, గయ, నేపాల్ యాత్ర బస్సులో పోయినది. బస్సు నడిపించిన పెద్దమనిషి మా ఊరి శేషన్న. బియ్యం, పొయ్యి, వంటవాడు అన్నీ బస్సులోనే. అంగడి మూయడానికి లేదని నేను పోలేదు. మూసినా ఎవరూ ఆకలితో చచ్చేవారు కారని ఇప్పుడు తెలుసు.

2. నేపాల్ పరదేశము గనుక అక్కడ ఫోన్ పలకడానికి వేరే ఫారము నింపి, ఫోటో అంటించి, కడపకు రెండుసార్లు తిరిగి, రోమింగ్ పెట్టించితిని. కౌంటరులోని అమ్మాయి మంచి పిల్ల. "ఆడ ఎత్తినా చార్జీ పడ్తాది సార్, చేసినా పడ్తాది. అవసరముంటేనే మాట్లాడుకోండి" అని చెప్పినది. నేను వర్తకుణ్ణి. పిల్లికి బిచ్చం పెట్టడని నన్ను బజారంతా ఎగతాళి చేస్తుంది. ఆమె చెప్పినదాంట్లో చార్జీ అనే మాట ఒక్కటే నా చెవిన పడినది.

3. కాబట్టి మేము రింగుల ఏర్పాటు చేసుకొంటిమి. ఇది నేను కనిపెట్టినది కాదు. మా వీధిలో అందరి వ్యవహారమూ ఇంతే. టీ అంగడి ఈరక్క రెండు రింగులిస్తే రెండు కిలోల చక్కెర పంపవలెను. మూడిస్తే టీ పొడి. సుందరలక్ష్మికి చెప్పిన లెక్క ఇది: ఒక్క రింగైతే బాగుండాను అని. రెండైతే ఊరు మారినాము అని. మూడైతే నేను శేషన్న ఫోన్‌కు తిరిగి చేయవలెను. దినమూ ఆరు నలభైకి, దీపం పెట్టినాక. ఏ రింగుకూ ఎవరూ ఎత్తరాదు. ఈ చివరి షరతు నాది.

4. గయలో ఉన్న దినము ఆమె చేసిన ఫోన్ ఆగకుండా చివరిదాకా మోగినది. నేను ఎత్తక, శేషన్న ఫోన్‌కు చేసి ఆమెను పిలిపించి కోప్పడితిని.

"మోగీ మోగనట్టు మోగించి పెట్టెయ్యాల. అంతసేపు పట్టుకోనుంటే పొరపాటున ఎవరన్నా ఎత్తరా?"

"ఎర్ర బటన్ యాడుండాదో కనపడలేదు" అన్నది. మళ్లీ, "ఎత్తితే ఏం పోతాదిలే. ఒక మాట మాట్లాడినట్టుంటాది" అన్నది.

వచ్చినాక మాట్లాడుకుందామని చెప్పి పెట్టేసితిని.

5. 27–11–2007 మంగళవారము. బస్సు నేపాల్‌లో పోఖరా అను ఊరు చేరి రెండో దినము. సాయంకాలం ఆరు నలభైకి ఫోన్ మోగినది. నేను కందిపప్పు తూకం వేస్తున్నాను. ఒక్క రింగైనది, రెండైనవి, మూడైనవి, ఇంకా మోగుతూనే ఉన్నది. పప్పు కొనడానికి వచ్చిన అయ్యన్న "ఎత్తప్పా, అంతసేపు మోగుతాండాదే" అన్నాడు.

"ఇంగా ఎర్ర బటన్ దొరికినట్టు లేదులే" అని నేను నవ్వితిని.

ఫోన్ ఆగినది. మళ్లీ మోగినది. మళ్లీ చివరిదాకా మోగి ఆగినది. అయ్యన్నకు పప్పు పొట్లం కట్టి ఇచ్చితిని. తూకం సరిగ్గానే ఉన్నది.

6. శేషన్న మరుసటి దినము పొద్దున చేసినాడు. సుందరలక్ష్మి ఆయాసంగా ఉండాదని లాడ్జీలో పడుకొన్నదట. మిగిలినవాళ్లు అమ్మవారి గుడికి పోయి వచ్చేసరికి గుండె ఆగిపోయి ఉన్నదట. ఫోన్ చేతిలోనే ఉన్నదట. నేను అందుకోగలిగినంత దూరము కాదు గనుక అక్కడి ఏటి ఒడ్డుననే దహనం చేయించినారు. పుణ్యక్షేత్రాలు తిరుగుతూ పోయింది, అదృష్టవంతురాలు అని పలకరించడానికి వచ్చిన ప్రతివారూ అన్నారు. నేనూ తల ఊపితిని.

7. ఇది తమరికి అవసరం లేకపోవచ్చును, అయినా రాస్తున్నాను. ఏడుకు పావు తక్కువలో ఆమెకు కాఫీ ఇచ్చి గుడికి బయలుదేరినామని శేషన్న చెప్పినాడు. రింగు నాకు వచ్చినది ఆరు నలభైకి. అంటే ఆమె చేసినప్పటికి అందరూ పక్కనే ఉన్నారు, కాఫీ ఇంకా తాగలేదు, బాగానే ఉన్నది, బటన్ దొరకకనే అంతసేపు మోగినది. ఈ లెక్క మీద రెండు నెలలు గడిపితిని. తరువాత బెల్లం కొనడానికి వచ్చిన అయ్యవారు ఒకరు మాటల్లో, నేపాల్ గడియారం మనకన్నా పావుగంట ముందుంటుందని చెప్పినారు. శేషన్న చెప్పినది ఆ గడియారము లెక్కే. వాళ్లు ఆమెను విడిచిపోయిన పది నిమిషాలకు ఆమె నాకు ఫోన్ చేసినది. ఒక్కతే ఉన్నది. నేను ఫోన్ ఎత్తినా ఏమీ అయ్యేది కాదని డాక్టర్లు అంటారు. ఏమీ అయ్యేది కాదు. ఒక మాట మాట్లాడినట్టుండేది.

8. ఆ దినాలలో నా ముందు ఎవరు ఏ కాగితం పెట్టినా సంతకం చేసితిని. రేషన్ కార్డులో పేరు తీయడానికి ఒకటి, బ్యాంకులో ఒకటి, బీమాకు నాలుగు. చనిపోయినవారి పేరున కనెక్షన్ ఉండరాదని ఒకరు తెచ్చిన కాగితం కూడా వాటిలోనే ఉన్నది. అది నంబరును వదులుకొను కాగితమని నాకు తరువాత తెలిసినది. చేతులు కాలినాక ఆకులు పట్టుకొని తమరి కార్యాలయానికి వచ్చితిని. నంబరు రద్దయినది, ఎవరికైనా పోవచ్చును అన్నారు. తప్పు తమ కార్యాలయానిది కాదు. సంతకం నాదే.

9. ఆమె పేరు నా ఫోన్‌లో తీసివేయలేదు. రద్దయిన తరువాత కూడా దినమూ ఆరు నలభైకి ఆ పేరు నొక్కేవాడిని. ఈ నంబరు ఉపయోగంలో లేదని ఒక గొంతు చెప్పేది. చెప్పనిచ్చి పెట్టేసేవాడిని. ఈ ఏడాది జూన్‌లో ఒక దినము అది మోగినది. మోగగానే నా వేలు తనంతట తానే ఎర్ర బటన్ మీదికి పోయినది. మరుసటి దినము కూడా అంతే. అప్పటి నుంచి మానలేదు. అవతల ఎవరున్నారో కనుక్కోవలెనని నాకు తోచలేదు. మోగితే చాలుననిపించినది. ఆరు నలభై నుంచి ఆరు నలభై ఒకటి దాకా నాకు బాగుంటుంది. మిగతా పొద్దంతా ఎట్లా ఉంటుందో తమరు అడగలేదు గనుక రాయడం లేదు.

10. అక్టోబరులో ఒకసారి నేను పెట్టేలోగా మారెన్న ఎత్తినాడు.

"ఎవురప్పా నువ్వు? ఏం కావాల?"

"ఏమీ వద్దప్పా. ఒక్క రింగంటే బాగుండానని."

"ఎవురు బాగుండారని?"

నేను పెట్టేసితిని. ఆయన ఆ దినమే నాలుగు తిట్టి ఉంటే మానేసేవాడినేమో. తిట్టలేదు. ఎవతో సైగ చేస్తున్నదని ఆయన భార్య సుంకులమ్మ అనుమానపడి, ఆయనకు గనికి సద్ది కట్టడం మానేసినదని నోటీసులో చదివి మాత్రము శానా బాధపడితిని. నా ఇంట్లో మాట లేకపోయె, వాళ్ల ఇంట్లో కూడు లేకుండా చేసితిని.

పై కారణములచే కోరుకొనునది ఏమనగా:

మారెన్నకు ఆయన ఒప్పుకొన్న పక్షములో వేరొక నంబరు ఇచ్చి, 417ను నా పేరున ఇప్పించవలెను. దాన్ని ఎవరికీ ఇవ్వను, దాంతో ఎవరికీ మాట్లాడను. ఆమె ఫోన్ సంచితో పాటు తిరిగి వచ్చి బీరువాలో ఉన్నది. చేసిన నంబర్ల పట్టిక తెరిస్తే పైన రెండుసార్లు "అంగడి" అని ఉన్నది. ఆ సిమ్ము అందులో వేసి, చార్జి పెట్టి, దేవుడి గూటి పక్కన ఉంచుకొంటాను. ఆరు నలభైకి రింగిస్తే మా ఇంట్లోనే మోగుతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

అది వీలు కానిచో, మారెన్న ఇంటికి తమ కార్యాలయం తరఫున ఎవరినైనా పంపి, ఇందులో ఆడమనిషి ఎవరూ లేరని సుంకులమ్మకు చెప్పించవలెను. ఉన్న ఒక్కతె పోయినదని చెప్పినా ఫరవాలేదు.

నోటీసు అందిన దినము నుంచి, అంటే 15, 16, 17 తేదీలలో నేను రింగు ఇవ్వలేదు. ఈ మూడు దినములలో నాకు ఏమీ కాలేదు. అన్నం తిన్నాను, అంగడి తీసితిని, మూసితిని. ఇది కూడా నమోదు చేసుకోవలెను.

ఈ అర్జీని తమరు ఒక్కసారి చిత్తగించవలెను. రెండవసారి చదువు శ్రమ అక్కరలేదు.

తమ విధేయుడు,
నాగసుబ్బయ్య.

తా.క. ఇది రాసి కవరులో పెట్టి, అంటించబోతూ ఉండగా సాయంకాలం ఏడింటికి నా ఫోన్ మోగినది. సుందరలక్ష్మి అని పేరు వచ్చినది. అది 417 గనుక ఆ పేరే వస్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా కాసేపు కూర్చొని చూచితిని. ఒక్క రింగు, రెండు, మూడు. ఈడ ఎవరూ లేరు, ఎత్తప్పా అని చెప్పేవారు లేరు. ఎత్తితిని.

ఆడగొంతు. సుంకులమ్మ.

"అన్నా, ఈ పొద్దుతో నాలుగు దినాలాయ నీ రింగు రాక. మా ఇంటాయన అర్జీ పెట్న్యాడని కోపమొచ్చిందా? ఆరున్నర అయితానే ఫోన్ పక్క చూస్తాండాము. నువ్వు అంగడాయనవని ఆఫీసోళ్లు చెప్పినాంక ఇంటాయన మాట నమ్మినా. బాగుండానని చెప్పేదానికి ఇస్తాండావంట గదా. ఇయ్యకపోతే ఏమనుకోవాల మేము? బాగుండావా?"

ఆమె ఎంతసేపు మాట్లాడినదో చూడలేదు. మారెన్నకు సద్ది కడుతున్నదట. కనుక పైన రాసిన రెండు కోరికలనూ కొట్టివేసుకొంటున్నాను. నంబరు వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.

బాగుండానమ్మా అని చెప్పితిని. అయ్యా, అది నిజము కాదు. తమరికి తప్ప ఎవరికీ చెప్పలేదు.