బిగించేనా, మావయ్యా?

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈ రైల్వే కాలనీలో ఒక్కడికీ బుర్ర లేదు. నాతో సహా.

నా అల్లుడు పైడిరాజు రైల్వేలో కీమేన్. రోజూ ఆరు కిలోమీటర్ల లైను నడిచి, పట్టాని స్లీపరుకి పట్టి ఉంచే క్లిప్పు ఎక్కడ వదులైతే అక్కడ సుత్తితో కొట్టి బిగించడం అతని పని. డిసెంబరు చలికి పట్టా విరిగితే ఇతనే కనిపెట్టి బండి ఆపాడు. శాలువా కప్పారు. ఫొటో నోటీసు బోర్డుకి ఎక్కించారు. నేను గోల్ బజార్‌లో మిఠాయి కొని క్వార్టర్ క్వార్టర్‌కీ పంచాను.

ఆ మర్నాటి నుంచే డ్యూటీ దిగాక మళ్ళీ లైను మీదికి పోతున్నాడు. ఏదైనా వదిలేశానేమో అని. ఎంత సిన్సియర్ అన్నారు అందరూ. అందరికంటే గట్టిగా అన్నది నేనే. నేను ముప్ఫై నాలుగేళ్లు గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను. మా రోజుల్లో ఒక డ్రైవరు రూలు ప్రకారం సిగ్నల్ రంగు పైకి అరిచీ అరిచీ, ఇంట్లో భార్య చీర రంగు కూడా అరిచేవాడు. అందరం నవ్వాం. అతనికి ఏమయిందో ఒక్కరమూ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

ఫిబ్రవరి 14

పైడిరాజు కూతురు శ్వేత సర్కండా కాలేజీలో సైకాలజీ చదువుతోంది. దాని పుస్తకం తీశాను. ఎనిమిదో క్లాసు తర్వాత నా చదువంతా గూడ్స్ చివరి గార్డు పెట్టెలో, బ్రేక్ వాన్‌లో, డిక్షనరీ ఒళ్లో పెట్టుకునే. నలభయ్యో పేజీకి నాకు డిప్రెషన్ వచ్చింది. అరవయ్యో పేజీకి ఫోబియా. ఎనభయ్యో పేజీకి కాలనీ మొత్తాన్ని అడ్మిట్ చేశాను. శ్వేత నవ్వింది. తాతా, సబ్‌కో ఐసా హీ లగ్తా హై, అందరికీ అలాగే అనిపిస్తుంది, ఫస్ట్ సెమ్‌లో నాకు అయిదు జబ్బులు ఉండేవి అంది.

తర్వాతి పేజీలో ఓసీడీ. చేసిన పని చేయలేదేమో అనే అనుమానం. వెళ్లి చూస్తే కాసేపు నెమ్మది, మళ్ళీ అనుమానం. అనవసరమని తనకే తెలుసు, అయినా ఆగలేడు. చేతులు కడుక్కునేవాళ్ల జబ్బనుకున్నాను ఇన్నాళ్లూ.

ఇది మీ నాన్న కదే అన్నాను. నాకు జనవరిలోనే తెలుసు తాతా, చెప్పబోతే ‘అవార్డు తెచ్చిన మనిషిని పిచ్చోడంటావేటే’ అని మీరే అరిచేరు అంది.

జబ్బుకి మిఠాయిలు పంచాను నేను.

ఫిబ్రవరి 15

పైడిరాజు కూడా అప్పట్లోనే చెప్పాడు. నాకేటో అవుతోంది మావయ్యా, నా బుర్ర నా మాట ఇనట్లేదు అన్నాడు. దాన్ని శ్రద్ధ అంటారు అల్లుడూ అన్నాను.

ఫిబ్రవరి 19, సాయంత్రం 6

పైడిరాజు ఇవాళ చచ్చిపోయేవాడు. బిగించిన క్లిప్పునే చూస్తూ పట్టాల మధ్య కూర్చున్నాడట. గూడ్స్ హారన్ కొడుతున్నా లేవలేదట. తోటి ట్రాక్‌మన్ రాజేంద్ర కాలరు పట్టి ఈడ్చాడు. చాచా, సునాయీ నహీఁ దేతా ఉస్కో, ఆజ్ మైఁ థా, కల్ కౌన్ రహేగా అని నా మీదే అరిచాడు. వాడికి హారన్ వినబడదు, ఇవాళంటే నేనున్నాను, రేపెవడుంటాడు అని. అరవాలి.

హాస్పిటల్‌కి పదమంటే నా కూతురు నీలవేణి గుమ్మానికి అడ్డం నిలబడింది. మెంటలని రాసేస్తే లైన్లోంచి తీసేస్తారు నానా, రేపు శ్వేతని ఎవుడు చేసుకుంటాడు అంది. కాలు విరిగితే కట్టు కట్టించుకుని వీధంతా చూపిస్తాం, బుర్రకి దెబ్బ తగిలితే తలుపు వేసుకోవాలా అని అరిచాను. కాలనీ అంతా విన్నది. విననీ.

ఇంటికొచ్చినప్పటి నుంచీ ఒకటే అడుగుతున్నాడు. బిగించేనా, మావయ్యా? బిగించేవులే అల్లుడూ అంటున్నాను.

ఫిబ్రవరి 20

నీలవేణి కూడా హాస్పిటల్‌కి వచ్చింది. డాక్టరు నా మనవరాలికంటే నాలుగేళ్లు పెద్దదేమో. నేను చీర రంగు డ్రైవరు కథ ఎత్తుకున్నాను. అంకుల్‌జీ, పేషెంట్‌ని మాట్లాడనివ్వండి అంది.

మాట్లాడాడు. గంటసేపు. అతనికి అన్ని మాటలున్నాయని నాకు తెలియదు.

మందు రాసింది. కొన్నాళ్లు లైను మీదికి వద్దంది. తర్వాత మళ్ళీ తీసుకుంటారా అని నీలవేణి అడిగితే, తగ్గాక ఫిట్ అని రాస్తాను, ముందు మనిషిని నిలబెట్టుకోండి అంది. బిగించేనా అని అతను అడిగినప్పుడు మీరేం చెబుతారని నన్ను అడిగింది. బిగించేవని ధైర్యం చెబుతానన్నాను. ఆ జబ్బుకి మీరు అన్నం పెడుతున్నారు అంది. మీరు చెబితే పది నిమిషాలు ఊరట, తర్వాత ఇంకా పెద్ద అనుమానం. ఇక జవాబు చెప్పకండి, పక్కన కూర్చోండి చాలు అంది.

దారంతా ఆమెని తిట్టుకున్నాను. ఇల్లు చేరేసరికి తిట్లన్నీ నాకే మిగిలాయి.

ఫిబ్రవరి 24, ఉదయం 6.10

రాత్రి నుంచి ఇప్పటికి ఇరవై ఏడుసార్లు అడిగాడు. నేను నోరు మెదపలేదు. నన్ను బూతులు తిట్టాడు. చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

ఇంటి వెనక లైనులో బండి వస్తోంది. అతను తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. చెయ్యి పట్టుకున్నాను.

బండి పోయింది. అతను అడగలేదు.