వేడెక్కని రేడియేటర్

స్కిప్టన్,
డిసెంబరు మొదటి వారం

నా నోరీన్‌కి,

ఊలు చేతితొడుగులు వేసుకుని రాస్తున్నాను. అక్షరాలు కోడి గీకినట్టు ఉంటే తిట్టకు. పెళ్లయి రెండు నెలలు దాటింది, కొత్త కాపురం ఎలా ఉందని అడిగావు. క్లిఫర్డ్ బంగారంలాంటి మనిషే. పొద్దున్నే నాకంటే ముందు లేచి మంచం దగ్గరికి టీ తెస్తాడు. అరవయ్యోపడిలో పడబోతున్న నన్ను పట్టుకుని "పిల్లా" అంటాడు. ఈ యార్క్‌షైర్‌లో మొగుళ్లు పెళ్లాలను అలాగే పిలుస్తారట. బస్సు నడిపి రిటైరయినవాడు కదా, ఏ పనైనా కుదుపు లేకుండా నిదానంగా చేస్తాడు. మరి ఈ ఏడుపేమిటే అంటావా? చలి నోరీన్, చలి! మన డెవన్ సముద్రంలో చన్నీళ్ల ఈతలు కొట్టిన ఒళ్లు నాది. ఆ ఒళ్లే ఇక్కడ ఇంట్లో కూర్చుని వణుకుతోంది.

ఇంట్లో నీళ్లు కాచే గ్యాస్ బాయిలర్ ఉంది. గదిగదికీ ఆ వేడినీళ్లు పారే రేడియేటర్ ఉంది. అయినా క్లిఫర్డ్ వేడిని పదిహేను డిగ్రీలు దాటనివ్వడు. కింద గదుల్లో స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని ఎలాగో నెట్టుకొస్తున్నాను. పడకగదిలో మాత్రం రేడియేటర్ శవంలా చల్లగా ఉంటుంది. దాని పక్కనున్న అంకెల మరను ఒకటి నుంచి ఐదు దాకా తిప్పి చూశాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇది అతని మొదటి భార్య ఐవీ గది నోరీన్. పోయిన పెళ్లాంతోపాటే ఈ గదిలో వెచ్చదనం కూడా పోవాలనుకున్నాడేమో. నేను వస్తున్నానని గోడలకు కొత్త రంగు వేయించాడు కానీ, మనసులో నన్ను ఇంటిమనిషిగా అనుకోలేదు. ఆ మాట తలుచుకుంటే చలికంటే ఎక్కువ బాధేస్తుంది.

అడగొచ్చుగా అంటావు. మనం ఎలా పెరిగామో నీకు తెలియదా? ఎవరింటికెళ్లినా "నాకేం, హాయిగా ఉంది" అనాలని మన అమ్మలు ఉగ్గుపాలతో పోశారు. రోజూ పడుకునే ముందు అతను "బాగానే ఉందా పిల్లా?" అంటాడు. నేను పళ్లు బిగబట్టి "హాయిగా ఉంది" అంటాను. నోరుండీ మూగదాన్నయ్యాను.

అందుకే అడుగుతున్నాను, మీ ఇంట్లో వెనకగది ఖాళీగానే ఉందా? క్రిస్మస్ కాగానే వచ్చేద్దామనుకుంటున్నాను. అతనికి ఇంకా చెప్పలేదు.

నీ
థెల్మా


స్కిప్టన్,
ఆ మరుసటి వారం

నోరీన్ తల్లీ,

గది ఖాళీగానే ఉందని రాశావు, నీ కడుపు చల్లగా! అయ్యో, చల్లగా అన్న మాటే నాకు వద్దు.

ఇవాళ పొద్దున కిటికీ అద్దాల మీద లోపలివైపే మంచు పూలు పూశాయి. వంటింటి గోడకున్న బాయిలర్ తినకూడనిది తిన్నవాడి కడుపులా గుడగుడలాడి, ఠక్కున ఆగిపోయింది. ఎర్ర దీపం మిణుకుమంటోంది. నేను హడలిపోయాను. క్లిఫర్డ్ మాత్రం నైట్ డ్రస్ మీద ఓవర్‌కోటు తగిలించుకుని డాక్టరులా దాని ముందు నిలబడ్డాడు.

"కంగారు పడకు పిల్లా. బస్సయినా బాయిలరయినా ముందు చూడాల్సింది ఇంధనమే" అని గ్యాస్ పొయ్యి వెలిగించాడు. మంట వచ్చింది. "గ్యాస్ ఉంది. ఇక నీళ్లు." ఒత్తిడి చూపించే ముల్లు ఎర్ర గీత కింద పడి ఉంది. బాయిలర్ కిందున్న చిన్న మర తిప్పి, ముల్లు పచ్చ గీత దాకా లేచేవరకు నీళ్లు ఎక్కించి కట్టేశాడు. రీసెట్ బటన్ నొక్కాడు. గుడగుడ, ఠక్, మళ్లీ మొదటికే వచ్చింది.

ఇంకోసారి నొక్కబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. "దాన్ని విసిగించకు, తెలిసినవాళ్లను అడుగుదాం" అన్నాను.

గ్యాస్ పని చేసే బెవర్లీకి ఫోన్ చేశాడు. వయసులో నాకంటే చిన్నదే అయినా ఊరందరినీ "బంగారం" అంటుంది. "మూత తీసి లోపల చెయ్యి పెట్టావో, చంపేస్తాను బంగారం" అని మొదలుపెట్టింది. "పెరట్లోకి వెళ్లు. గోడలోంచి తెల్ల ప్లాస్టిక్ గొట్టం బయటికొచ్చి కాలవలోకి దిగుతుంది, చూశావా? బాయిలర్‌లో ఊరే తడి పోయే దారి అదే. ఈ మంచుకి అది గడ్డకట్టి ఉంటుంది. పొద్దుట్నుంచి ఊళ్లో సగం ఇళ్ల గోల ఇదే. గోరువెచ్చటి నీళ్లు పొయ్యండి. సలసల కాగే నీళ్లు పోస్తే గొట్టం పగులుతుంది!"

ఇద్దరం మొక్కలకు నీళ్లు పోసే డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్లాం. నేను పోస్తుంటే అతను వేడినీళ్ల సంచీ గొట్టానికి చుట్టి, పసిపిల్లకు కాపడం పెట్టినట్టు పట్టుకున్నాడు. వెనకింటాయన మమ్మల్ని చూసి, శవయాత్ర ఎదురైనట్టు టోపీ తీశాడు. కాసేపటికి గొట్టంలో మంచు ముక్క జారిన చప్పుడయింది. లోపలికెళ్లి బటన్ నొక్కితే బాయిలర్ బుస్సున అంటుకుంది! క్లిఫర్డ్ నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు. ఆ నిమిషంలో నీ వెనకగది సంగతే మర్చిపోయాను.

మధ్యాహ్నం బెవర్లీ వచ్చింది. బాయిలర్ పరీక్ష చేశాక రేడియేటర్లలో గాలి తీస్తానని గదులన్నీ తిరిగింది. "పైభాగం చల్లగా ఉంటే గాలి పట్టినట్టు. మొత్తం చల్లగా ఉంటే అసలు నీళ్లే రావట్లేదన్నట్టు" అంటూ మా పడకగదిలో ఆగింది. రేడియేటర్ రెండో చివర నేనెప్పుడూ చూడని ప్లాస్టిక్ టోపీ ఒకటుంది. అది పీకి, లోపలి మరకు పానా పెట్టింది.

"అదేంటి బంగారం? ఎవరో కావాలని బిగించేశారు దీన్ని!"

క్లిఫర్డ్ ముఖం కందగడ్డయింది. "నేనే బిగించాను" అన్నాడు.

బెవర్లీ మర తిప్పి తెరిచేసింది. అతను నావైపు చూడకుండా ఆవిణ్ణి సాగనంపడానికి కిందికి వెళ్లాడు. నోరీన్, ఇంకేం మిగిలింది? అనుమానం కాదిది, నా చెవులారా విన్నాను. క్రిస్మస్ దాకా ఆగను. శనివారం రైలుకే వస్తున్నాను. ఇది పోస్టులో పడేసి వచ్చి పెట్టె సర్దుకుంటాను.

నీ
థెల్మా


స్కిప్టన్,
ఆ మర్నాడు

ఒసేయ్ నోరీన్,

నిన్నటి ఉత్తరం నీకు అందగానే చింపి పారెయ్. స్టేషన్‌కి రాకు. ఏం జరిగిందో విను.

నిన్న సాయంత్రం నేను మంచం మీద పెట్టె తెరిచి బట్టలు సర్దుతున్నాను. క్లిఫర్డ్ మెట్లెక్కి వచ్చాడు. పెట్టెను చూశాడు, నన్ను చూశాడు, రేడియేటర్ మీద చెయ్యి వేశాడు. అది కాలిపోతోంది. కిందికి పరిగెత్తి, పానా పట్టుకుని మళ్లీ వచ్చాడు.

"వెళ్లకు పిల్లా. ఒక్క క్షణం ఆగు. ఆ బెవర్లీ తెరిచేసి పోయింది. ఇదిగో, మళ్లీ మూసేస్తాను. కిటికీ కూడా తీస్తాను. పది నిమిషాల్లో నీకు కావలసినట్టు చల్లగా అయిపోతుంది" అంటూ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ముట్టుకున్నావంటే ఊరుకోను! నాకు చలి, క్లిఫర్డ్! వచ్చిన రోజు నుంచీ చలితో చస్తున్నాను!" అని అరిచాను. అమ్మ చనిపోయినప్పుడు కూడా నేనంత గట్టిగా అరవలేదు.

అతను పానా నేల మీద పెట్టి నావైపు తిరిగాడు. "మరి వచ్చిన మొదటి రాత్రి కిటికీ తీయమన్నావుగా? చల్లగాలంటే ప్రాణం అన్నావుగా?"

అప్పుడు గుర్తొచ్చింది నోరీన్. కొత్త రంగు వాసనకు నా తల పగిలిపోతోంది ఆ రాత్రి. పాపం నాకోసమే వేయించాడు, వాసన అంటే నొచ్చుకుంటాడేమోనని, చల్లగాలంటే నాకు ప్రాణం అని ఒక అబద్ధం ఆడాను. అతను దాన్ని వేదవాక్యంలా పట్టుకుని ఇల్లంతా చల్లబరిచాడు. అంకెల మర అరిగిపోయి పూర్తిగా మూసుకోవట్లేదని, రెండో చివర పానాతో బిగించాడట. బెవర్లీ ముందు చెప్పడానికి సిగ్గేసిందట, ఊళ్లో "ముసలాడు పెళ్లాం కోసం పడకగదిలో మంచు కురిపిస్తున్నాడు" అంటారని.

"మరి నీకు చలి వెయ్యదా?" అన్నాను.

అతను స్వెటర్ గుండీలు విప్పాడు. లోపల ఒకదాని మీద ఒకటి మూడు బనియన్లు! అతనికి చలంటే నాకంటే ఎక్కువ భయం. రోజూ నన్ను "బాగానే ఉందా" అని అడిగినప్పుడల్లా, నేను కాస్త చలిగా ఉందంటే బాగుండునని దేవుడికి మొక్కుకునేవాడట. ఇద్దరం నేల మీద రేడియేటర్‌కి వీపులు ఆనించి కూర్చుని, నవ్వి నవ్వి చివరికి ఏడ్చాం.

నీ వెనకగది ఎవరికైనా ఇచ్చెయ్. ఇవాళ పొద్దున క్లిఫర్డ్ వేడిని ఇరవై నాలుగుకి పెట్టాడు. నాకు ఉక్కపోసి పంతొమ్మిదికి తగ్గించాను. అతను పెంచాడు, నేను తగ్గించాను. "పొగరుబోతుదానా!" అన్నాడు. "మొండి ఘటమా!" అన్నాను. గొంతులు చించుకున్నాం. పక్కింటివాళ్లు గోడ మీద దబదబా బాదారు. ఈ రెండు నెలల్లో ఇదే మా మొదటి పోట్లాట. ఇంటికొచ్చిన చుట్టంతో ఎవరూ అలా అరవరు కదే!

సంతోషంగా,
నీ థెల్మా