నలభై రెండో వరుస

సోమవారం, మార్చి 4

మరిదికి,

మీ వదిన ఆశీస్సులు. వయసులో పెద్దదాన్ని గనక రాశాను, మనసులోంచి వచ్చినవి కావు. ఇక్కడ మీ అన్నయ్య కులాసా. నీ కులాసా నేను అడగడం లేదు.

మా డయాలసిస్ యూనిట్లో నీ ఉద్యోగం ఊడిందని మీ అన్నయ్యకి అన్నం సహించడం లేదు. నాకైతే జాలి లేదు. ఆ ఉద్యోగం ఇప్పించిందే నేను. కంప్యూటర్లోని ఎక్సెల్ షీట్లో పేషెంట్ల పేర్లున్న గళ్లన్నిటికీ కలిపి ‘రోగులు’ అని పేరు పెట్టావు. నువ్వు రాసిన మాక్రోకి, అదే ఆ చిన్న ప్రోగ్రాంకి, ఆ ఒక్క పేరు చెబితే చాలు, డయాలసిస్ ఎవరికి ఏ రోజో జాబితా అదే తీస్తుందని కాలరెగరేశావు. మా వదినకి మౌస్ పట్టుకోవడమంటే పామును పట్టుకున్నట్టేనని నర్సులందరినీ నవ్వించావు.

తీరా ఏం తీసింది? నీ ‘రోగులు’ నలభై ఒకటో వరుస దాకానే. నలభై రెండో వరుసలో చేరిన దర్జీ దాని దృష్టిలో మనిషే కాదు. డయాలసిస్ షిఫ్టులు మార్చిన వారం ఆ జాబితా చూసి అందరికీ ఫోన్లు వెళ్లాయి, ఆయనకి తప్ప. డయాలసిస్ అందక ఐదో రోజున ఒళ్లంతా నీరు పట్టి, ఊపిరాడక, ఎమర్జెన్సీకి మోసుకొచ్చారు. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉండి బతికి బయటపడ్డాడు. ఆయన భార్య నన్ను ఒక్క మాట అనలేదు.

“ఫోన్ మోగితే వినపడదేమోనని కుట్టుమిషన్ కూడా తొక్కలేదమ్మా,” అంది.

నాలుగు తిట్టినా బాగుండేది.

విచారణలో నువ్వు నోరు విప్పలేదు. తప్పు చేసినవాడికి నోరెలా పెగులుతుందని అందరితో అన్నది నేనే. ఇక మా గడప తొక్కకు.

ఇట్లు,
మీ అన్నయ్య భార్య

తా.క.: పైదంతా నిన్న రాసింది. కవరు అంటించడానికి చెయ్యి రాలేదు. దర్జీ పేరు ఎక్కించింది నేను. కొత్త పేరు అడుగున రాయొద్దని, మధ్యలో వరుస చొప్పించి రాస్తేనే ‘రోగులు’లోకి ఆ గడి కూడా చేరుతుందని నువ్వు రెండుసార్లు చెప్పావు. నవ్వించావన్న కసితో చెవిన పెట్టలేదు, అడుగునే రాశాను. విచారణలో నాకెవరూ చెప్పలేదన్నాను. నువ్వు నావైపు ఒకసారి చూసి తల దించుకున్నావు. ఈ పొద్దున సూపరింటెండెంటుకి ఉన్నదున్నట్టు రాసిచ్చాను. దర్జీ భార్యకీ చెప్పాను. ఆవిడ సంచి తీసుకుని వెళ్లిపోయింది. నన్ను కాపాడావని దండం పెడతాననుకోకు. ఆ రోజు నువ్వు నిజం చెప్పి ఉంటే, నేనింత దిగజారేదాన్ని కాదు.