బల్బు వెలిగేదాకా అరవను

సోమవారం

నా డ్రాయింగ్ మీద టీ గ్లాసులు పెట్టారు! నాలుగు గ్లాసులు, ఒక పళ్లెం. భోజనాల గదిలో, అందరి ముందూ. బల్ల తుడిచే కాగితం కాదది, కరెంటు పుట్టించే యంత్రం!

సంగతేమిటంటే, నేను పనిచేసే రేకుల షెడ్డు వెనక ఇనుప పొగగొట్టం ఒకటుంది. దాని బాయిలరు ఎప్పుడో పోయింది, గొట్టం మాత్రం మిగిలింది. వచ్చే సోమవారం తుక్కువాడు కోసి పట్టుకుపోతాడట. వద్దు, దాని అడుగున చుట్టూ ప్లాస్టిక్ షీటుతో పెద్ద కప్పు వేద్దాం అన్నాను. ఎండకి కప్పు కింద గాలి కాగుతుంది. కాగిన గాలి గొట్టంలోంచి పైకి ఎగదన్నుతుంది. దారిలో ఫ్యాన్ పెడితే అది తిరిగి కరెంటిస్తుంది. బొగ్గు అక్కర్లేదు, పొగ రాదు. సోలార్ చిమ్నీ అంటారు. నేను కనిపెట్టిందేం కాదు. ఫోన్లో వీడియోలు ఆపి ఆపి చూసి నేర్చుకున్నాను.

డిజైనర్ సారు బొమ్మని అటూ ఇటూ తిప్పి, "గాలి ఎటునుంచి వస్తుంది?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

"మీ బుర్రలోంచి. అక్కడ బోలెడంత ఖాళీ ఉందిగా" అన్నాను. కొంచెం గట్టిగానే.

యజమాని మేడమ్ తలుపు దగ్గరే నిలబడి ఉంది. "కుంపటీ, ముందా నోరు అదుపులో పెట్టుకో. చేసి చూపించు, అప్పుడు మాట్లాడదాం" అంది. షెడ్డులో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

సరే. తీర్మానం! మా ఇంటి డాబా మీద చిన్న నమూనా కడతాను. దాంతో బల్బు వెలిగిస్తాను. అది వెలిగేదాకా ఎవరి మీదా అరవను. ఆదివారం మేడమ్‌ని పిలుస్తాను. గొట్టం దక్కించుకుంటాను!

మంగళవారం

ఇవాళ ఒక్క అరుపు కూడా లేదు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

మిగిలిపోయిన రేకు ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. అడిగి! మర్యాదగా! మేడమ్ కళ్లజోడు తీసి మరీ నన్ను చూసింది. నా ఎత్తుకి రెండింతలు గొట్టం చుట్టి రివిట్లు కొట్టాను. ఫ్యాన్ రెక్కలు పల్చటి డబ్బా రేకువి. దానికి పాత బొమ్మకారు మోటారు, ఫ్యాన్ దాన్ని తిప్పితే అదే కరెంటిస్తుంది. నోటితో ఊదితే చాలు, గిర్రున తిరుగుతోంది. ఇక ఎండ ఊదడమే తరువాయి.

బుధవారం

కప్పు వేశాను. చుట్టూ వెదురు బద్దల చట్రం, మీద ప్లాస్టిక్ షీటు, కింద నేలకి నల్లరంగు. అద్భుతం!

అంచుల పని మాత్రం చూసి తీరాలి. షెడ్డులో నా ఉద్యోగమే గాలి వెళ్లే రేకు డక్టుల అతుకులు మూయడం. నేను మూసిన అతుకులోంచి చీమ ఊపిరి కూడా బయటికి రాదు. షీటు నేలకి ఆనేచోట చుట్టూతా టేపు, టేపు మీద సీలెంటు, దాని మీద ఇంకో వరస టేపు. మధ్యలో గొట్టం తప్ప ఎక్కడా సందు లేదు. ఆ డిజైనర్ వచ్చి చూడాలి!

గురువారం

తిరగలేదు.

మబ్బు వల్ల. మబ్బు లేదని అన్న అంటున్నాడు. ఉంది, పల్చగా ఉంది, చూసే కళ్లుండాలి.

"ఏమే, నీ పవర్ ప్లాంటు నిద్ర లేచిందా?" అన్నాడు భోజనాల దగ్గర.

అరవలేదు. దిండు కొరికాను. కొరకడం అరవడం కిందికి రాదు.

శుక్రవారం

నిప్పులు చెరిగే ఎండ. కప్పు కింద చెయ్యి పెడితే కాలుతోంది. ఫ్యాన్ మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలా తల వంచుకుని కదలదు. ఎక్కడో లీకేజీ ఉన్నట్టుంది. మూడో వరస టేపు వేశాను.

తలుపు ఒకటి కాస్త గట్టిగా వేశాను. తలుపు మనిషి కాదు కాబట్టి తీర్మానం చెక్కుచెదరలేదు.

శనివారం

మధ్యాహ్నం డాబా ఎక్కేసరికి వదిన నా టేపంతా పీకేసి, షీటు అంచుల కింద ఇటుకలు పెట్టి ఎత్తి, లోపల తడి దిండుగలేబులు పరుస్తోంది.

"వది..." అని నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఫ్యాన్ తిరుగుతోంది!

"అలా గుడ్లురుముతావేంటమ్మాయ్? లోపల ఒకటే ఉక్క. గాలి ఆడకపోతే బట్టలెలా ఆరతాయి?"

"గాలి..."

"పైకి పోయే గాలికి కింద నుంచి రావడానికి దారుండాలిగా? డబ్బా మూతలా బిగించి పెట్టావు."

గాలి ఎటునుంచి వస్తుంది? డిజైనర్ సారు అడిగింది అదే. వెక్కిరింత కాదు, సరైన ప్రశ్నే. అయినా అడిగిన తీరు బాగాలేదు.

సాయంత్రం బల్బు తగిలించాను. ఫ్యాన్ తిరుగుతోంది, బల్బు వెలగదు. చిన్న బల్బు పెట్టాను. ఇంకా చిన్నది పెట్టాను. ఉహూఁ. చెయ్యి అడ్డం పెట్టి చీకటి చేసి చూసినా లేదు. గొట్టం పొట్టి, గాలిని లాగే జోరు చాలదు.

మేడమ్ రేపు వస్తానంది. నల్లరంగు పూసిన చిన్న బ్యాటరీ ఒకటి నల్లటి నేల మీద పెడితే కనిపిస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

ఆదివారం

మేడమ్ వచ్చింది. డిజైనర్ సారుని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఎండ భేషుగ్గా ఉంది. ఫ్యాన్ తిరిగింది, బల్బు వెలిగింది. మేడమ్ "అరె!" అంది. అన్న చప్పట్లు కొట్టాడు. నేను వినయంగా నేల చూపులు చూశాను.

అప్పుడొచ్చింది మబ్బు. గురువారం రమ్మంటే రానిది! ఫ్యాన్ మెల్లగా ఆగిపోయింది. బల్బు మాత్రం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది.

డిజైనర్ సారు ఫ్యాన్ వైపు చూశాడు, బల్బు వైపు చూశాడు. "అమ్మాయ్, ఇప్పుడిది దేంతో వెలుగుతోంది?"

"నమ్మకంతో" అన్నాను.

మేడమ్ వంగి నమ్మకాన్ని వైరుతో సహా బయటికి లాగింది.

అరిచాను. వారం రోజుల సరుకంతా ఒక్కసారే వదిలాను. మబ్బు మీద, బల్బు మీద, అన్న మీద, పాపం ఏ తప్పూ చేయని దిండుగలేబుల మీద. ఊపిరి కోసం ఆగేసరికి అందరూ గొట్టం వైపే చూస్తున్నారు. ఎండ వచ్చింది. ఫ్యాన్ తనంతట తనే మళ్లీ తిరుగుతోంది.

డిజైనర్ సారు మోకాళ్ల మీద కూర్చుని అంచు దగ్గర అరచెయ్యి పెట్టాడు. "గాలిని లాగుతోంది మేడమ్. కానీ ఈ ఎత్తుకి ఇంతే."

"బల్బు వెలగలేదుగా" అని మేడమ్ మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆదివారం, సాయంత్రం

ఈ పేజీ చింపి మేడమ్ ఇంట్లో ఇచ్చి వస్తాను.

మేడమ్, బల్బు దగ్గర మోసం చేశాను. ఫ్యాన్ దగ్గర చేయలేదు. ఎండ పోతే ఆగింది, ఎండ వస్తే తిరిగింది, మీరే చూశారు. నా గొట్టం పొట్టిది, మీది పొడుగుది. కప్పు పెద్దదిగా వేసి, అంచులు తెరిచి ఉంచుతాను. ఎంత తెరవాలో డిజైనర్ సారు లెక్క కట్టాలి. నేనే అడిగానని ఆయనకి చెప్పినా ఫర్వాలేదు.

ఈ ఎండాకాలం దాటేదాకా గొట్టం కోయించకండి. అప్పటికీ బల్బు వెలగకపోతే కట్టర్ నేనే పట్టుకుంటాను.

తుక్కువాడు రేపు తొమ్మిదికి వస్తాడు. మీ జవాబు ఎనిమిదిలోగా కావాలి. ఔనో కాదో, ఒక్క మాట చాలు. ఏడున్నర నుంచే గొట్టానికి ఆనుకుని కూర్చుంటాను. అంతవరకూ ఎవరి మీదా అరవను. ఎనిమిది దాటితే మాత్రం హామీ ఇవ్వలేను.