ఎడమకన్ను అదిరితే

వనజా,

ఈరోజు నీ సంవత్సరీకం. పీణ్య నుంచి వచ్చిన మీ అక్క, మన అమ్మాయి ఎడమకన్ను అదురుతోందని తడిపిన చీపురుపుల్ల ముక్క రెప్పమీద అంటించింది.

"ఆడపిల్లకు ఎడమకన్ను అదిరితే మంచిదప్పా. సంబంధం కుదురుతాది."

అప్పట్లో నీ కన్ను అదిరినప్పుడూ మంచిదే అంది. అదురు చెంపకు, పెదవికి పాకినా అదే మాట. ముఖనరాన్ని కణితి నొక్కుతోందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ఒళ్ళు మండి పుల్ల పీకి పారేశాను. వంట మధ్యలోనే వదిలి అమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కుందలహళ్ళి ఆఫీసు పనితో నిద్ర చాలక రెప్ప అదురుతోంది, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది అన్నాడు.

తిరిగొచ్చేసరికి మీ అక్క విస్తళ్ళు వేస్తోంది.

"నేను చెప్పలేదా అప్పా, భయమేమీ లేదని?"

నీ పేరున వండిన అన్నం ఆమెకు నా చేత్తో వడ్డించలేదు.