అద్దాల బీరువాలో శాక్సఫోన్

గుంతకల్లు

సంగీత సంఘం కార్యదర్శి దివాకర్ గారికి,

తిప్పేస్వామి సార్ సంస్మరణ సభ ఘనంగా జరిపించారు. నలభై ఏళ్లు ఈ ఊరికి జాజ్ వినిపించిన మనిషికి రెండు నిమిషాలు మౌనం పాటించాం. తర్వాత మూడు గంటల ఉపన్యాసాల్లో ఆయన పేరు రెండుసార్లు వినబడింది. ఆయన శాక్సఫోన్‌కు కుంకుమ పెట్టి, దండ వేసి, అద్దాల బీరువాలో ఉంచి తాళం వేశారు. దాని మీదే నేర్చుకుంటున్న నాతో, "దండం పెట్టుకో పాపా, ముట్టుకోవద్దు" అన్నారు.

సార్ మాత్రం "ఊదకుంటే ఇది ఇత్తడి చెంబే పాపా" అనేవారు. ఆయన నేర్పుతూ పోయిన పాట నాకు సగమే వచ్చు. మిగతా సగం చెవుల్లో ఉంది, వేళ్లకు రావాలి.

అందుకే మా అవ్వ చెంబును చింతపండుతో తోమి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దండ దీనికి వేసి, శాక్సఫోన్ నాకు ఇప్పించండి.

ఇట్లు,
చెప్పినట్టే దండం పెట్టుకున్న విద్యార్థిని